మున్నేటి అల, స్కూటర్ మీద పులి

మొన్న జూలూరుపాడు సంతలో ఒకామె తేనె సీసాల పక్కన ఆకుల్లో మైనం ముద్దలు పెట్టుకుని కూర్చుంది. ఒక ముద్ద తీసి వాసన చూశాను. వెంటనే అరికాళ్లు జిలపెట్టాయి. ముక్కుకు వాసన తగిలితే అరికాళ్లకు జిల ఏమిటని మీరడగొచ్చు. మైనం రాసిన చెక్క మీద, ఉరికే నీళ్లలో, వట్టి కాళ్లతో నిలబడ్డవాళ్లకు అంతే. ఖమ్మం ఊళ్లో, మున్నేట్లో, అల ఎక్కి ఆడినవాళ్లం ఒకప్పుడు ఇద్దరం ఉండేవాళ్లం. అందులో ఒకణ్ణి నేను. నేను చెప్పేవాటిలో నూటికి తొంభై కోతలేనని మా ఆవిడే అందరికీ చెబుతుంది. ఇది మిగతా పదిలోది.

రెండోవాడు, అంటే అసలువాడు, లచ్చయ్య కాక. మాకు చుట్టం కాదు. కాల్వొడ్డులో మా పక్కింట్లో కిరాయికి ఉండే వడ్రంగి. భద్రాచలం అవతలి అడవిలో ఒక కోయ ఊరు ఆయనది. అప్పటికి యాభై దాటాయి. నేను గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాను, ఇంకా ముప్ఫై నిండలేదు. సెల్‌ఫోన్లలో కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కెమెరా లేకపోవడం నాలాంటివాడికి ఎంత సుఖమో ఇప్పటివాళ్లకు తెలియదు.

వానకాలంలో ఒక ఆదివారం పొద్దున కాక ఆరడుగుల చెక్కను తాడుతో వీపుకు కట్టుకుని పోతున్నాడు. "ఎవరింటి తలుపు పీకినవ్ కాకా?" అన్నాను. "తలుపైతే నీలాంటోణ్ని బయట పెట్టి మూసేటోణ్ని. నడువ్, చూపెడత" అన్నాడు.

వరద తీసిన వారం రోజులకు మున్నేరు ఒక పెద్ద బండ మీదుగా జారి, దాని కింద ఛాతీ ఎత్తు లేచి నిలబడేది. ఆ అల ఉన్నచోటే ఉంటుంది, నీళ్లే పోతుంటాయి. కాక చెక్క మీద బోర్లా పడుకుని, పక్క నుంచి అల మీదికి జారి, ఎదురొచ్చే నీళ్ల వైపు ముఖం పెట్టి మెల్లగా లేచాడు. ఏరంతా ఆయన కాళ్ల కింద నుంచి ఉరుకుతోంది. ఆయన మాత్రం బస్సు కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి వాగులో బూరుగు దుంగ మీద నేర్చుకున్నాడట. ఈ చెక్కా బూరుగుదే, తేలిక. కాళ్లు జారకుండా పైన తేనె మైనం.

నేను మూడు వారాలు పడ్డాను. "నీళ్లతోని కొట్లాడకు. మోకాళ్లు వదులు చెయ్. నువ్వు నిలబడుతున్నవని వాటికి తెల్వొద్దు" అనేవాడు కాక. నాలుగో వారం ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాను. ఆఫీసులో అది సోమవారానికి అరగంట అయింది. బుధవారానికి అల మీదే నిలబడి టీ తాగి గ్లాసు ఒడ్డుకు అందించాను. ఇది కాక చెవిన పడితే కోప్పడతాడనుకున్నాను. "టీల చక్కెర సరిపోయిందా?" అని మాత్రం అడిగాడు.

ఆయనకున్న పట్టింపు ఒక్కటే. దిగేముందు నీళ్ల అంచున ఒక కర్ర పాతి, నీళ్లు తాకేచోటికి కొంచెం పైన ఎర్ర దారం కట్టేవాడు. వాళ్ల ఊళ్లో వాగు దాటేటప్పుడు అలాగే చేస్తారట. ఒకరు అల మీద ఉంటే రెండోవాళ్లు దారం ముందు కూర్చోవాలి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండలోనే ఏరు పెరుగుతుంది. బండ మరీ లోతుకు మునిగితే ఇక అల ఉండదు, ఉత్త గుంజుడే. దారం మునగగానే ఈల వేయాలి, వినగానే ఒడ్డుకు రావాలి.

ఒక ఆదివారం నా ఘనత చూద్దామని ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. మొదటి వంతు కాకది. నేను దారం ముందు కూర్చున్నాను. "ఊకెనే కూసునుడేంది, ఏదన్నా జెప్పు" అన్నాడు మా యాదగిరి. టేకులపల్లి అడవి దారిలో నా స్కూటర్ వెనక సీటు మీద పులి ఎక్కి కూర్చున్న కథ ఎత్తుకున్నాను. చెక్క నీళ్లలోకి తోస్తున్న కాక వెనక్కి తిరిగి, "నేనొచ్చేదాక పులిని దించకురా" అని నవ్వుతూ వెళ్లాడు.

వినేవాళ్ల ముఖాలు కనపడకపోతే నాకు కథ రాదు. కాస్త వాళ్ల వైపు తిరిగాను. పులి నా భుజం మీద పంజా వేసింది. నేను అద్దంలోకి చూశాను. అప్పుడే ఓరకంట కర్ర కూడా చూశాను. దారం లేదు, మునిగింది. కానీ నవ్వు ఇంకో రెండు వాక్యాల దూరంలో ఉంది. రెండూ చెప్పాను. అద్దంలో పులి మీసాలు సర్దుకుంటోందని విని ముగ్గురూ పడీపడీ నవ్వారు. అప్పుడు ఈల వేశాను. తిరిగి చూస్తే అల లేదు, కాక లేడు.

ఒడ్డు వెంట ఉరికాం. రెండు వందల గజాల కింద నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు. చెక్క కట్టే తాడు విసిరి బయటికి లాగాం. ముళ్లకు చేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. చెక్క కృష్ణా నది దారి పట్టింది. కాక చాలాసేపు దగ్గి, నోట్లో ఇసుక ఊసి నా వైపు చూశాడు.

"పులిని దించినవా?"

"లేదు కాకా."

"దారం ఎప్పుడు మునిగింది?"

ఇప్పుడే మునిగింది, చూడగానే ఈల వేశాను అనే మాట నాలుక మీద తయారుగా ఉంది. పక్కనున్న ముగ్గురికీ నిజం తెలియదు. నాకు అబద్ధం అంతకుముందెప్పుడూ అంత బరువుగా తోచలేదు.

"మునిగింది చూసినంక రెండు మాటలు చెప్పి, అప్పుడు ఈల వేసిన" అన్నాను.

కాక తల ఊపాడు. "నా కాళ్ల కింద అల ఎప్పుడు పోయిందో నాకు తెల్వదా. ఇప్పుడే అన్నవనుకో, కొత్త చెక్క నా ఒక్కడికే చేసుకునేటోణ్ని." అరచేతిలో ముల్లు పీకి, "కోతలేమన్న కోసుకో. నీళ్ల సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

కొత్త చెక్క వచ్చింది. ఆ వానకాలమంతా దాని మీద ఆయనే ఎక్కాడు, నేను దారమే చూశాను. చూడగా చూడగా, పైనుంచి ఎండుటాకులు, నురగ రావడం మొదలైతే దారం ఇంకాసేపట్లో మునుగుతుందని తెలిసివచ్చింది. నా బతుకులో నోరు మూసుకుని నేర్చుకున్న విద్య అదొక్కటే. మరుసటి ఏడు మొదటి వంతు నాకిచ్చి కాక దారం ముందు కూర్చున్నాడు. ఆ రోజు నేను వెనక్కి తిరిగి చూడలేదు.

కొన్నేళ్లకు మోకాళ్లు సహకరించక కాక తన ఊరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడు. బండ చుట్టూ ఇసుక మేట వేసి అల లేవడం మానేసింది. ఇప్పటికీ ఎవరైనా ఈత నేర్చుకుంటుంటే నేను ఒడ్డున పలకను. అంతసేపు నేను పలకకపోతే ఒంట్లో బాగోలేదేమోనని మా ఆవిడ కంగారుపడుతుంది.

ఈ కథ నోటితో చెప్పేటప్పుడు కాక భద్రాచలం దాకా కొట్టుకుపోయి, దేవుడికి దండం పెట్టుకుని బస్సులో తిరిగొస్తాడు. మున్నేరు అటు పోదని తెలిసినవాళ్లు కూడా ఊరుకుంటారు. కానీ ఆ రెండు వాక్యాలను ఎన్నడూ ఒకటి చేయలేదు. మైనం ముద్ద స్కూటర్ డిక్కీలో పెట్టి సంత నుంచి బయల్దేరాను. పులి ఎక్కడ దిగిందని యాదగిరి ఇప్పటికీ అడుగుతుంటాడు. దించలేదు. తాను వచ్చేదాకా దించొద్దన్నాడు కాక.