ముక్కు అరిగిన చక్రవర్తి

పింఛను పుచ్చుకుంటున్న ఆ తపాలా గుమాస్తాకు పాతకాలపు రోమన్ వెండి నాణేలంటే ప్రాణం. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఒక్కో నాణేన్నీ అంచులు పట్టుకుని వెలుగులో తిప్పుతూ, ముందు ఏ చక్రవర్తి తల ఉందో, వెనక ఏ దేవత నిలబడిందో చిన్న అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. చూడవచ్చినవాళ్ళకు ఒక్కటే చెబుతాడు: "తుడవకండి బాబూ, ఆ నలుపే దాని వయసు." ఆ నల్లటి వరసలో ఒక్క నాణెం మాత్రం తళతళలాడుతుంది. పెళ్ళైన కొత్తలో భార్య, ఆయన సంబరపడతాడనుకుని, దాన్ని పళ్ళపొడితో తోమి పెట్టింది. చక్రవర్తి ముక్కు అరిగిపోయింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు.

మొన్న బావమరిది అలాంటి నాణేన్నే, చక్కటి నల్లనిదాన్ని, తెచ్చాడు. "ఆ ముక్కులేనివాణ్ణి తీసేసి దీన్ని పెట్టుకో బావా" అంటూ పెట్టెలోకి చూసి ఆగిపోయాడు. "అక్క పోయి ఇన్నేళ్ళయింది. వెండి కదా, ఇదింకా నల్లబడలేదేం?"

పెద్దాయన తల దించుకున్నాడు. "నల్లబడుతుంటే చూడలేకపోయానురా. అప్పుడప్పుడూ నేనే తోముతున్నాను."

బావమరిది తను తెచ్చినదాన్ని మెల్లగా జేబులో వేసుకున్నాడు. "కాస్త నెమ్మదిగా తోము బావా. చెవులైనా మిగలనీ."