పెళ్లికార్డుల దుకాణంలో మొరాయించిన కంప్యూటర్

2022, శ్రావణ మాసం. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే ఒక గల్లీలోని పెళ్లికార్డుల దుకాణం నుంచి నాకు ఫోన్ వచ్చింది. ముహూర్తాల రోజులు. కార్డులు డిజైన్ చేసే పాత కంప్యూటర్ మొరాయిస్తోందని, వెంటనే రమ్మని సేటు అన్నాడు. నా పేరు అడగలేదు. అబిడ్స్‌లో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నన్ను పేరు పెట్టి పిలవని వాళ్లందరి పేర్లూ నాకు గుర్తున్నాయి.

నేను వెళ్లేసరికి కార్డు చేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు గిరాకీలు కూర్చుని చాయ్ తాగుతున్నారు. నాకు చాయ్ కాదు కదా, కుర్చీ కూడా చూపలేదు.

"చెప్పులు గాడ్నే ఇడువు. ఏది ఇప్పినా నా ముంగట్నే ఇప్పాలె," అన్నాడు సేటు. "మొన్నొకడొచ్చి ప్రింటర్ లోపలి సామాను మార్చిపోయిండు. మీరంతా గింతే."

ఆ మొన్నటివాడు ఎవరో నాకు తెలియదు. వాడి దొంగతనం మాత్రం నా నెత్తిన పడింది.

కంప్యూటర్ ముందు కూర్చున్నామె పేరు సువర్ణ. వికారాబాద్ దగ్గరి పల్లె. రోజూ రైల్లో నాంపల్లికి వచ్చి పోతుంది. ఆ దుకాణంలో డిజైన్ చేసేది ఆమె ఒక్కతే. భర్తకు స్థిరమైన పని లేదు, ఇద్దరు పిల్లల చదువు ఈ జీతం మీదే నడుస్తోంది. ఇదంతా ఆమె చెప్పలేదు. ఆమె వింటుండగానే సేటు గిరాకీలకు చెప్పాడు. పైగా ఒక మాట కలిపాడు:

"మిషన్‌కు ఏం రోగం లేదు, రోగమంత ఈమెకే. పొద్దుగాల ఉరుకుతది, తిన్నంక పంటది. ఈ నెల చూస్త, మారకుంటే తీసేస్త."

సువర్ణ తెర మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది. "నేను తినేది రెండింటికి సేటూ. ఇది పదకొండింటికే పంటది."

గిరాకీలు నవ్వారు. సేటు నవ్వలేదు. నాకు కావలసిన ఆధారం మాత్రం ఆ మాటలోనే దొరికింది. పొద్దున బాగా నడిచి తర్వాత నెమ్మదించే యంత్రానికి ఉన్న జబ్బు వేరు, ఎప్పుడూ నెమ్మదిగా ఉండే యంత్రానికి ఉన్న జబ్బు వేరు.

నాకంటే ముందు వచ్చినవాళ్లు రెండుసార్లు ఫార్మాట్ కొట్టారట. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచేసి విండోస్‌ను కొత్తగా ఎక్కించడం. మా వృత్తిలో జబ్బేమిటో తెలియనివాళ్లు చేసే మొదటి వైద్యం అదే.

"కొట్టినప్పుడల్లా తెలుగు ఫాంట్లు పోతయి అన్నా," అంది సువర్ణ. "మళ్ల ఒక్కొక్కటి నేనే ఎక్కించుకుంట. ఆ రెండు దినాలు గూడ నేనే మెల్లగ చేసిన్నంటరు."

నేను వరసగా చూసుకుంటూ వచ్చాను. హార్డ్ డిస్క్‌లో లోపం లేదు. వైరస్ లేదు. ర్యామ్, అంటే యంత్రం చేస్తున్న పనిని పరచుకునే బల్ల లాంటిది, సగం ఖాళీగానే ఉంది. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచాను. లోపల ఏ భాగం ఎంత కష్టపడుతోందో అది చూపిస్తుంది. ప్రాసెసర్ వేగం చెప్పే అంకె మీదే కన్ను పెట్టి, సువర్ణను తన పని చేసుకోమన్నాను. ఆమె గణపతి బొమ్మను పెద్దది చేసి బంగారు అంచు దిద్దుతుండగా ఆ అంకె సగానికి పడింది, ఆ తర్వాత ఇంకా కిందికి జారింది. ఆమె మౌస్ కదిపితే తెర మీద బాణం కాసేపటికి గాని కదలలేదు.

దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. వేడి మితిమీరితే ప్రాసెసర్ మాడిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇక తెలియాల్సింది ఆ వేడి ఎందుకన్నదే.

కంప్యూటర్ భాగాలన్నీ ఉండే డబ్బా, అంటే క్యాబినెట్, బల్ల కింద లేదు. గోడ మూలన, లక్ష్మీదేవి పటం కింద, పీట మీద ఉంది. దానికి ఎర్రబట్ట చుట్టి, పసుపు కుంకుమలు పెట్టి, దారంతో కట్టారు. దసరా ఆయుధ పూజ నాడు సేటు తల్లి కట్టిన బట్ట. విప్పితే అరిష్టమని ఎవరూ విప్పలేదు. మరుసటి దసరాకు దాని మీదే ఇంకొకటి, ఆ పై ఏడాది మరొకటి కట్టారు.

"సాంబ్రాణి కూడా వేస్తరా?" అని అడిగాను.

"ఎయ్యకుంటెట్ల?" అన్నాడు సేటు. "దుకాణం తెరువంగనే అన్నిటికంటె ముందు దీనికే. మిషన్ ఆన్ జేసి, ముందర బట్ట లేపి చూపిస్త. పొగ మొత్తం లోపలికి గుంజుకుంటది. ఇంకే మిషన్ గట్ల గుంజుకోదు."

ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో భక్తి ఉంది. ముందరి ఫ్యాన్ పని గాలిని లోపలికి లాగడమే. దానికి పొగ పెడితే పొగనే లాగింది. అమ్మవారు స్వీకరిస్తోందని ఈయన రోజురోజుకూ ఇంకొంచెం ఎక్కువే పట్టాడు.

"బట్టలు విప్పాలె," అన్నాను.

"అది మా అమ్మ కట్టిన బట్ట. నువ్వెవడివి విప్పనీకి?"

"మీ ముక్కు మీద మూడు బట్టలు కట్టి మెట్లెక్కమంటే మీరెంత ఉరుకుతరు సేటూ?"

గిరాకీలు మళ్లీ నవ్వారు. వాళ్లలో పెద్దాయన నచ్చజెప్పాక, బట్టలు మడిచి పటం ముందు పెట్టాలన్న షరతు మీద సేటు ఒప్పుకున్నాడు.

పక్క మూత తీస్తే హీట్ సింక్ కనిపించలేదు. హీట్ సింక్ అంటే ప్రాసెసర్ వేడిని బయటికి పంపే లోహపు రేకుల దిమ్మ. ఆ రేకుల మధ్య నల్లటి జిగురు దుమ్ము కంబళిలా అట్టకట్టింది. బ్లోయర్‌తో ఊదితే కదలలేదు. బ్రష్‌తో గీకి, స్పిరిట్‌తో కడిగాను. ప్రాసెసర్‌కూ దిమ్మకూ మధ్య ఉండాల్సిన థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలింది. కొత్తది పూశాను. మూత బిగించి, పీటను గోడకు దూరంగా జరిపి ఆన్ చేశాను.

నన్ను దొంగలతో కలిపిన మనిషి ముందు నా పని చూపించాలనుకున్నాను. సువర్ణను మొదటి నుంచి ఒక కార్డు చేయమన్నాను. బొమ్మ, అంచు, పేర్లు, ముహూర్తం ఆమె చేయి ఆగకుండా సాగిపోయాయి. చాయ్ తాగే గిరాకీల కార్డే అది. వాళ్లు లేవక ముందే అయిపోయింది.

"చూసిన్రా సేటూ," అన్నాను. "మెల్లగున్నది మనిషి కాదు. ఇన్ని రోజులు ఇంత మొండి మిషన్‌తో పని వెళ్లదీసిందంటే ఈమె ఓపికకు దండం పెట్టాలె."

సువర్ణ మొదటిసారి తల తిప్పి సేటు వైపు చూసింది. ఒక్క మంచి మాట కోసం ఎదురుచూసిందని నాకు అనిపించింది.

సేటు తెరనే చూస్తున్నాడు. "గింత జల్దీ అయితదా," అన్నాడు మెల్లగా. "మరి దినమంత మనిషెందుకు? మా బామ్మర్ది కొడుకు కాలేజీ అయినంక వచ్చి రెండు గంటల్ల చేసి పోతడు."

తమాషాకు అంటున్నాడనుకున్నాను. శ్రావణం అయ్యేదాకా ఆమెతో పని చేయించుకుని, తర్వాత రావద్దన్నాడు. ఆ సంగతి పక్క దుకాణంవాళ్ల ద్వారా తెలిసి వాదించడానికి వెళ్లాను. సేటు గిరాకీల ముందు నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు: "ఆమె నీకేమైతది?" ఆ ప్రశ్న అడిగిన తీరును నేను ఈ జన్మలో మరచిపోను. తర్వాత వాళ్ల ప్రింటర్ చెడి రెండుసార్లు కబురు పెట్టాడు. వెళ్లలేదు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పిల్లలకు పాత గైడ్లు ఏరుతూ సువర్ణ కనిపించింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక గోదాములో సామాను ప్యాకింగ్ చేస్తోంది. రోజంతా నిలబడే పని.

"కంప్యూటర్ పని మళ్ల దొరకలేదా?"

"దొరకలే అన్నా. అందరు వయసెంత అని అడుగుతున్నరు." కాసేపు పుస్తకం తిప్పి, కోపం లేకుండానే అంది: "మీరు మంచిగనే చేసిన్రు. కని గా డబ్బా మెల్లగున్నన్ని దినాలు నాకు నౌకరి ఉండె."

నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. పొగ పట్టించింది నేను కాదు, పని తీసేసింది నేను కాదు. అయినా ఆ దుకాణం నాకొక జాగ్రత్త నేర్పింది. ఇప్పుడు ఏ దుకాణంలో కంప్యూటర్ బాగుచేసినా దాని వేగాన్ని యజమాని ముందు ప్రదర్శించను. ఆయన పక్కకు వెళ్లాక, దాని ముందు కూర్చునే మనిషిని పిలిచి ఇప్పుడెంత తొందరగా నడుస్తోందో ఒక్కసారి చూపిస్తాను. ఆయనకు ఎంత చెప్పాలో వాళ్లే తేల్చుకుంటారు. నేను మూత బిగించి వచ్చేస్తాను.