సింహాచలం మామ బురదనేల

ఈ ఉదయం బంటింగ్ ఊరి దగ్గర తీరంలో దిగగానే, పోటు నీరు తీసిన బురద వాసన గుప్పుమంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. మా బృందంలో కొత్తవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం హుషారొచ్చింది. ఆ వాసనను ఇష్టపడటం నాకు నేర్పినవాడు సింహాచలం మామ.

ఆయన నాకు చుట్టం కాదు. సుంగై సుమున్ ఊరి వైపు ఒక కొబ్బరి ఎస్టేటులోకి సముద్రపు నీరు రాకుండా గట్టు కట్టి ఉండేది. ఆ గట్టు తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక, తీరం ఆరోగ్యాన్ని పరీక్షించే మా బృందానికి దారి చూపేవాడు. నేను ఇపో పట్నంలో పెరిగిన గుమస్తాగారి మనవరాలిని. చదువు ఇంగ్లీషులో, కబుర్లు తమిళంలో. తెలుగు అర్థమయ్యేది గాని నోరు తిరిగేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే మడచెట్ల మధ్య తొడలదాకా దిగబడ్డాను. మామ ముందు కడుపుబ్బా నవ్వి, తర్వాత చెయ్యందించాడు. ఇక్కడి అందరిలాగే ఆయనా మాట చివర 'లా' తగిలించేవాడు.

"బురదకి నువ్వు నచ్చినావు లా! ఎనక్కి వాలు, కాలు అదే వొస్తాది."

వాలాను. కాలు వచ్చింది, బూటు రాలేదు. అది చూసి నేనూ నవ్వడం మొదలుపెట్టాను.

అడవి ముందున్న బురదమీద చదరపు చట్రం పెట్టి, అందులో పీత బొరియలు లెక్కపెట్టడం మా పని. పీతలు తవ్వుతుంటేనే మడచెట్ల వేళ్లకు గాలి అందుతుంది. అవి లేవంటే నేల జబ్బుపడ్డట్టే. ఆ వారం ఒకచోట ఎన్నిసార్లు చట్రం వేసినా ఒక్క బొరియా కనబడలేదు. వరసగా సున్నాలు రాసేశాను. ఆ కాగితం అలాగే వెళ్తే, కాపాడవలసిన అడవి జాబితాలోంచి ఆ ముక్క ఎగిరిపోయేదే.

"ఏటి రాసినావు?" అన్నాడు మామ.

"సున్నా. ఇక్కడ ఏమీ బతికిలేదు మామా."

"నీరు తీసి ఎంతసేపైనాది?"

నేను చూసుకోలేదు.

"పోటు రాకముందే పీత తన తలుపు బురదతో మూసేసుకుంటాది. నాను తూము మూసినట్టే. నీరెల్లిపోనాదని దానికి తెలియాల గదా! కూకో. సబర్ లా, ఓపిక పట్టు. కదలకు."

ఎండలో కదలకుండా కూర్చున్నాం. చాలాసేపటికి నా ఎదుట నేల చిన్నగా ఉబ్బింది. ఒక బురద ఉండ పక్కకు దొర్లింది, వెనకే నారింజరంగు డెక్క. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే నేలంతా డెక్కలు పైకెత్తి ఊపే పీతలతో నిండిపోయింది. చప్పట్లు కొట్టబోతే మామ నా చేతులు పట్టుకుని గుసగుసగా అన్నాడు: "మల్లీ తలుపులేసుకుంటాయి!"

ఆ సున్నాలన్నీ కొట్టేశాను. అంతకుముందు చూసిన రెండుచోట్లా ఇలాగే తొందరపడ్డానని మా పైఅధికారితో ఒప్పుకున్నాను. ఆయన విసుక్కున్నా మళ్లీ వెళ్లనిచ్చాడు. మూడుచోట్లా పీతలున్నాయి. ఆ ముక్క జాబితాలోనే ఉండిపోయింది.

నివేదిక పూర్తయ్యాక, "నా బురద గురించి ఏటి రాసినావో సెప్పు" అన్నాడు మామ. ఆయనకు ఇంగ్లీషు రాదు. వాళ్లింటి వసారాలో కూర్చుని, మాట దొరకనిచోట ఆయనే అందిస్తుంటే, మొత్తం తెలుగులో చెప్పాను.

"బతికే ఉన్నాదని సెప్పడానికి ఇన్ని కాయితాలా!" అని పగలబడి నవ్వాడు.

ఇప్పటికీ ఏ తీరం గురించి రాసినా, పంపేముందు ఒకసారి తెలుగులో పైకి చెప్పుకుంటాను. మాట తడబడిన చోట నాకింకా సరిగా అర్థం కాలేదన్నమాట. అక్కడికి మళ్లీ వెళ్లి చూసొస్తాను.