గులివింద మీసాలు

ఎవరైనా నన్నొక మాట అంటే, అది ఎక్కడ నిలబడి అన్నారో, అప్పుడు ఏ చీర కట్టుకున్నారో కూడా నాకు గుర్తుంటుంది. మా ఇంట్లో దీన్ని జబ్బంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను. అందుకే మా వీధికి చేపలు తెచ్చే ఆమె నన్ను మొట్టమొదట ఏమందో చెప్పకుండా ఆమెను మెచ్చుకోవడం నాకు చేతకాదు.

అప్పటికి మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నంలో కొత్తగా కాపురం పెట్టాం. మా ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆమె పొద్దున్నే జాలరిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి మా అపార్ట్‌మెంటు గేటు పక్కన గంప దించేది. నేను ఒక చేపను తీసి, అటూ ఇటూ తిప్పి, మొప్ప ఎత్తి చూసి, "తాజాదేనా?" అన్నాను. తప్పేముంది అందులో?

"మీ గోదారోళ్ళకి బురద సేపలే గానీ సముద్రం సేప ఏటి తెలుస్తాదమ్మా! దించీయ్. సచ్చినదాన్ని మళ్ళీ సంపకు," అంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ వినేట్టు. వాళ్ళు నవ్వారు కూడా. ఎవరెవరు నవ్వారో చెప్పమంటే ఇప్పుడైనా చెప్పగలను.

ఎనిమిది నెలలు ఆమె దగ్గర కొనలేదు. ఎండలో మార్కెట్ దాకా నడిచి వెళ్ళి తెచ్చుకున్నాను. విచిత్రం ఏమిటంటే, నేను అలిగానన్న సంగతి ఆమెకు తెలియనే తెలియదు. గేటు దగ్గర ఎదురుపడితే, "ఏటమ్మా, సేపలు మానేసినారు? మీ ఆయన మాలేసినాడేటి?" అని నవ్వుతూ పలకరించేది. చివరికి మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాను. మార్కెట్‌లో చేపలు ఆమె చేపల్లా ఉండవు, అదొక్కటే కారణం. క్షమించానని ఎవరూ అనుకోవద్దు.

ఇక మా అమ్మాయి విషయం. మేము వచ్చి అయిదారేళ్ళయింది, అప్పటికది నాలుగో తరగతి. మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఏదో ఒక వస్తువు ముందు కూర్చుని, గీసేదానికంటే చూసేది ఎక్కువ సేపు. ఒకసారి వాళ్ళ నాన్న డ్యూటీ బూట్లను ముందు పెట్టుకుని సాయంత్రమంతా కూర్చుంది. ఎడమ బూటు మడమ ఒక పక్కకు అరిగి ఉంటుందని ఆ బొమ్మ చూశాకే మాకు తెలిసింది. పిల్లల సరదాను ప్రోత్సహించాలని పత్రికల్లో చదివి, నేనూ చేయాల్సినవన్నీ చేశాను. పెద్ద రంగుల పెట్టె కొన్నాను. శనివారాలు డ్రాయింగ్ క్లాసులో వేశాను. అక్కడ అచ్చు వేసిన బొమ్మ ఇచ్చి రంగు నింపమనేవాళ్ళు. గీసిన ప్రతిదానికీ "బాగుంది నాన్నా, చాలా బాగుంది" అనేదాన్ని. పప్పుకు తాలింపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే.

ఆ ఏడాది బళ్ళో బొమ్మల ప్రదర్శన పెట్టారు. విషయం సముద్రం. మిగతా పిల్లలు ఓడలూ, లైట్‌హౌసులూ, నీళ్ళలో బుడగలు వదిలే నారింజ రంగు చేపలూ వేశారు. మాది ఒక్క చేపనే వేసింది, షీటు నిండా. సన్నగా, ఎర్రగా ఉంది. గడ్డం కింద రెండు పొడుగాటి మీసాలు వేలాడుతున్నాయి. ప్రదర్శన రోజు వెళ్ళి చూస్తే బోర్డు మీద అందరి బొమ్మలూ ఉన్నాయి, మా అమ్మాయిది తప్ప. అది డ్రాయింగ్ మాస్టారి బల్ల మీద బోర్లించి ఉంది. నేను నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి. "చూడండి మేడమ్, మీసాలుండేది జెల్ల చేపకి. జెల్ల ఎర్రగా ఉండదు. రెండు చేపల్నీ కలిపేసింది పాప. బోర్డు మీద పెడితే మీలాంటి పేరెంట్సే నవ్వుతారు," అన్నాడు.

జెల్ల సంగతి నాకు చెప్పాలా? కాలవగట్టున పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో వారానికోసారి జెల్లల పులుసే. మీసాలంటే జెల్లే. ఆయన చెప్పింది నిజమే అనిపించింది. "సరే సార్," అని షీటు తీసుకుని బయటికి వచ్చాను.

మిక్సీ మూత సరిగ్గా బిగుసుకోలేదని మూడుసార్లు షాపుకు తిరిగినదాన్ని. బస్సు కండక్టరు "జరగవమ్మా" అన్న తీరు నచ్చక డిపోకు ఉత్తరం రాసినదాన్ని. నోరెత్తాల్సిన ఒక్కచోట నేను అన్నమాట "సరే సార్". ఆ రెండు మాటలూ ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉన్నాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. స్కూటీ మీద ఇంటికి వస్తూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"మీసాలెందుకు పెట్టావే?"

"ఉన్నాయి కాబట్టి."

"ఎక్కడ చూశావు?"

"మన సింకులో."

"సింకులో చేపల్ని కడిగింది నేను కదే. నాకు కనబడని మీసాలు నీకెలా కనబడ్డాయి?"

ఇంటికి వెళ్ళాక మా అమ్మాయి రంగుల పెట్టె తీసుకెళ్ళి అటక కింద షెల్ఫులో, దుప్పట్ల వెనక పెట్టేసింది. మూడు వారాలు పెన్సిలు ముట్టుకోలేదు. నేను "బొమ్మ వెయ్యవే" అని బతిమాలాను. కొత్త స్కెచ్ పెన్నులు తెచ్చాను. వాటి మూత కూడా తీయలేదు. ఏడ్చినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది. హోంవర్కు చేసుకుని, టీవీ చూసుకుని, అందరు పిల్లల్లా ఉంది. అది చూసే నాకు భయం వేసింది.

ఒక ఆదివారం చేపలామె మా మెట్ల దగ్గర కూర్చుని మాకు కానాగంతలు కోస్తోంది. కింద పరవడానికి కాగితం అడిగింది. మా అమ్మాయి లోపలికి వెళ్ళి ఆ ఎర్ర చేప బొమ్మ తెచ్చి ఇచ్చింది. "ఇది వేసుకో మామ్మా," అంది. ఆ మాట ఎంత మామూలుగా అందో!

ఆమె షీటు విప్పి చూసింది. కత్తిపీట పక్కకు జరిపింది.

"ఓలమ్మ ఓలమ్మ! కానాగంతలు కొయ్యడానికి గులివిందని పరుత్తావేటే గుంటా?"

"ఏమన్నావు?" అన్నాను నేను.

"గులివిందమ్మా. మీరు నా కాడ కొనీ ఎర్ర సేపే. మీసాలు కనబడ్డం లేదేటి?"

"ఎర్ర చేపకు మీసాలా? జెల్లకి కదా?"

"జెల్లకేనేటి మీసాలు? మీ గోదారోళ్ళు..." అని నా మొహం చూసి ఆగింది. ఆగినా నేను లెక్కలో వేసుకున్నాను.

తర్వాత ఆమె నన్ను వదిలేసి పిల్ల వైపు తిరిగింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, షీటును దూరంగా పట్టి చూసింది. 'ఎంత బాగా వేసిందో' అంటుందని ఎదురుచూశాను.

"మీసాలు సరిగ్గానే ఏసినావు గానీ, ఈ తోకేటే, సీపురులాగుంది? ఈ తోకతోటి ఈదితే భీమిలి కూడా ఎల్లదు."

"అలాగే ఉంది," అంది మా అమ్మాయి.

"నేదు."

"ఉంది!"

"నాను పుట్టిన కాడ్నించీ సూత్తన్నాను. నువ్వెన్నాళ్ళు సూసినావే?"

"ఒక రోజంతా చూశాను."

ఆమె ఒక క్షణం పిల్లను తేరిపార చూసింది. "సరే. వల్లో పడినప్పుడు తెత్తాను. ఇద్దరం సూద్దాం," అని షీటును జాగ్రత్తగా చుట్టి మా అమ్మాయి చేతికిచ్చి, నన్ను పాత పేపరు తెమ్మంది.

పిల్లను అలా తీసిపారేసిందేమిటని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మధ్యాహ్నమే మా అమ్మాయి దుప్పట్ల వెనక నుంచి పెట్టె తీసి, పెన్సిళ్ళు వరసగా చెక్కుకుంది. బొమ్మ మాత్రం వేయలేదు. గులివింద వచ్చేదాకా ఇంకేదీ వేయనంది. ఆ మొండితనం ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

గులివింద అంత తొందరగా పడలేదు. రోజూ పొద్దున్న యూనిఫాం వేసుకుని గేటు దగ్గర నిలబడేది పిల్ల. "ఈ యేళ నేదే తల్లీ. చందువుంది, గీత్తావేటి?" అని అడిగేది ఆమె. మా అమ్మాయి తల అడ్డంగా ఊపేది. అంతమంది బేరాల మధ్య ఒక నాలుగో తరగతి పిల్లతో పెట్టుకున్న పందెం ఆమె ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. మాట గుర్తుపెట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. నేను గుర్తుపెట్టుకున్నవన్నీ నాకు తగిలిన మాటలు. ఆమె గుర్తుపెట్టుకున్నది తాను ఇచ్చిన మాట.

పదకొండో రోజు ఆమె గంప దించకుండా నేరుగా మా గుమ్మానికి వచ్చింది. తడి గుడ్డలో చుట్టిన ఒకే ఒక్క గులివింద. రెండో అంతస్తావిడ ఆటో దగ్గరే అడిగిందట, ఇది అమ్మేది కాదందట. గడ్డం కింద గోటితో మెల్లగా గీకింది. లోపల చిన్న గాడిలో ముడుచుకుని ఉన్న రెండు మీసాలు బయటికి వచ్చాయి.

"సచ్చిపోయాక ఇలా దాసేసుకుంటాదమ్మా. బతికున్నప్పుడు ఈటితోటే ఇసకలో తిండి ఎతుక్కుంటాది."

ఎన్నేళ్ళుగా ఆ చేపను కడిగి, కోసి, పులుసు పెట్టానో! నేను చూడలేదు. నా పక్కన స్టూలు మీద నిలబడిన తొమ్మిదేళ్ళ పిల్ల చూసింది.

నాకు ఒక్కసారిగా ఆవేశం వచ్చింది. స్టీలు డబ్బా తీశాను. ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి పరిచి, దాని మీద చేపను పెట్టాను. "పద, స్కూలుకి. మాస్టారి బల్ల మీదే పెడతాను దీన్ని. హెడ్‌మాస్టర్నీ పిలిపిస్తాను," అన్నాను. పదకొండు రోజులుగా నోట్లో తిరుగుతున్న మాటలన్నీ అప్పటికే వరసలో ఉన్నాయి.

"బేగి ఎల్లు మరి. ఎండెక్కితే ఎరుపు దిగిపోతాది," అంది చేపలామె, నవ్వాపుకుంటూ.

మా అమ్మాయి రెండు చేతులతో డబ్బా పట్టుకుంది.

"వద్దమ్మా. నువ్వు తీసుకెళ్ళి వచ్చేసరికి రంగు పోతుంది. నేను గీసుకోవాలి."

"ఆయన నిన్ను తప్పన్నాడే!"

"నువ్వు కూడా అన్నావు కదా."

కోపంగా అనలేదు. ఉన్న విషయం చెప్పింది, అంతే. 

చేపను ఐసు మీంచి తీసి పళ్ళెంలో పెట్టాను. చేపలామె మెట్టు మీద కూర్చుని తోకను రెండు వేళ్ళతో విప్పి పట్టుకుంది. కింద ఎవరో "చేపలూ!" అని అరుస్తూనే ఉన్నారు. "ఉండండమ్మా, పాప గీత్తంది!" అని ఆమె అక్కణ్ణించే అరిచింది, సముద్రం దాకా వినబడేట్టు. మా అమ్మాయి తోక వంక చాలాసేపు చూసి, మధ్యలో లోతుగా ఉన్న చీలికను ఒప్పుకుంది, నోటితో కాదు, రబ్బరుతో. ఆమె కూడా "సూసినావా, నానేటన్నాను?" అనలేదు. నేనైతే తప్పకుండా అనేదాన్ని.

మీసాలు వదిలితే మళ్ళీ ముడుచుకుపోతున్నాయి. "అమ్మా, నువ్వు పట్టుకో. కదపకు," అంది. పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. స్కూలు బస్సు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. పిల్ల తల ఎత్తలేదు. మొదట ఎరుపు పెన్సిలు తీసింది, దాన్ని పక్కన పెట్టి గులాబీ తీసింది, మళ్ళీ ఎరుపు తీసి, చేప పక్కన పెట్టి పోల్చి చూసింది. అది చూస్తున్న చూపును నేను మొదటిసారి చూశాను.

మాస్టారి సంగతి నేను వదల్లేదు. అది వేరే రోజు పని. ఆ రోజు మాత్రం, ఏ ఫిర్యాదైనా రెండు పేజీలకు తక్కువ రాయని నేను, క్లాసు టీచరుకు ఒక్క వాక్యం రాసి పంపాను: మా అమ్మాయి బొమ్మ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఈ రోజు బడికి రాలేదు.