గోడ వైపు తిరిగి విన్న సింథసైజరు

నేను పరికిణీలు కట్టే రోజుల్లో... కోడూరులో మా అరుగు మీద రెండు హార్మోనియం పెట్టెలు పక్కపక్కన పెట్టి, నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమనేవాడు మా నాన్న.

ఆయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. చుట్టుపక్కల ఎవరు పెట్టె కొనాలన్నా ముందు మా అరుగెక్కాల్సిందే. అమ్మేవాడూ వచ్చేవాడు, కొనేవాడూ వచ్చేవాడు. కొనేవాళ్లంతా నాతోపాటు గోడకేసి తిరగాలి. నాన్న ఒకటి వాయించి, తర్వాత రెండోది వాయిస్తాడు. ఏది ఏదో మాకు కనపడదు... చెవికి నచ్చిందే కొనాలి.

"ఎద్దుని పళ్లు చూసి కొంటాం. పెట్టెని చూసేదేముందిరా, వినాలి గానీ" అనేవాడు.

ముసురు పట్టిందంటే ఆయనకు దిగులు. మాది ఉప్పుగాలి... లోపల గాలికి పలికే ఇత్తడి రీడ్లకు చిలుము పట్టేది. అందుకని పెట్టె మూత బిగించి, అమ్మ పాత చీరలో చుట్టి, వడ్ల గాదెలో దించేవాడు. వడ్లు తేమ పీల్చేస్తాయి. వాన వెలిశాక తీస్తే పెట్టె ఖంగుమని పలికేది.

ఇదంతా ఎందుకంటారా... చెబుతాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు హారిక ఫోనులో టైపు చేస్తోంది. ఈ గ్రూపులో ఉన్నవాళ్లంతా సింథసైజర్ల పిచ్చి ఉన్నవాళ్లేనట. మంచిది. నాకు పని మీతోనే.

ఈ వానలకు ముందు బందరులో మా వరండాలో రెండు సింథసైజర్లు పెట్టారు. ఒకటి హారిక స్నేహితురాలిది, కొత్తది, మధ్యలో టీవీలాంటి అద్దం. అలాంటిదే కొనాలా అని చూడటానికి హారిక తెప్పించింది. రెండోది ఈ గ్రూపులోనే ఉండే గుడివాడ ఆయన అమ్మకానికి తెచ్చిన పాతది, ఒళ్లో పట్టేంత చిన్నది... ఒంటి నిండా తిప్పే గుండీలు.

హారికకూ స్నేహితురాలికీ ఒకటే వాదన.

"దీంట్లో రెడీగా ఎన్ని సౌండ్లున్నాయో చూడవే."

"ఉంటే ఏం? ఆ బేస్ విన్నావా, నీళ్ల మజ్జిగలా ఉంది."

"కొత్తదానికి వారంటీ ఉంది మరి."

"వారంటీ పాట పాడుద్దా?"

నేను ఊరుకోలేక అందరినీ గోడకేసి తిరగమన్నాను. నవ్వారు గానీ తిరిగారు. గుడివాడ ఆయన రెండూ మార్చి మార్చి వాయించాడు. పాతదాని గొంతు వినగానే నాకు మా అరుగు గుర్తొచ్చింది... "ఇదే" అన్నాను. అందరూ అదే అన్నారు. హారిక కొనేసింది.

వెళ్లేటప్పుడు ఆయన ఒక్కో గుండీ గుడ్డతో తుడిచి నాతో అన్నాడు. "తేమ మాత్రం తగలనీయకండి మామ్మగారూ. దీనికదే శత్రువు."

"నాకా చెబుతున్నావు నాయనా? హార్మోనియం ఇంట్లో పుట్టినదాన్ని" అన్నాను.

ముసురు పట్టిన వారం హారిక ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే గుండీలు తిరగడం లేదు, మెట్లు నొక్కితే పైకి లేవడం లేదు, సందుల్లో ఏదో జిగురు, గొంతు గరగర. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే... గుడివాడ ఆయన పాడైపోయినదాన్ని పైపైన తుడిచి అంటగట్టాడని హారిక ఇక్కడే రాసింది. మీరు ఊరుకున్నారా? ఆయన దగ్గర ఎవరూ కొనొద్దన్నారు. "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉందండీ" అని ఆయన రాస్తే, కింద నవ్వే బొమ్మలు పెట్టారు.

అవన్నీ హారిక నాకు చదివి వినిపిస్తుంటే నేను తోటకూర వలుస్తూ కూర్చున్నాను. నోరుగలదాన్నని బజారంతా నాకు పేరు. ఆ పూట నా నోరు పెగల్లేదు. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడని తెలిశాక కూడా పెగల్లేదు.

వినండి. ఆయన తప్పేమీ లేదు.

గోడలు చెమ్మగిల్లుతుంటే భయమేసి, సింథసైజరును నేనే పాత చీరలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టాను. పురుగు పట్టకుండా ఆ బియ్యానికి ఆముదం పట్టించిందీ నేనే. నాన్న గాదెలో ఉన్నవి వట్టి వడ్లు, ఆయన పెట్టెకు మూత ఉండేది. దీనికి ఒళ్లంతా సందులే. ఆ తేడా నాకు తట్టలేదు. హారిక వచ్చే ముందు తీసి, తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఇక్కడ హారిక టైపు చేయడం ఆపేసింది.

"అమ్మమ్మా... ఆ జిగురు ఆముదమా?"

"ఆపకే. చెప్పింది చెప్పినట్టు రాయి."

"ఆయన్ని ఎన్ని మాటలన్నాను నేను. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"ఆ మాటలన్నీ నాకు తగలాల్సినవే. అదీ రాయి."

రాసింది. నా వైపు మాత్రం చూడటం లేదు.

ఆయనకు ఫోను చేయించాను. మోగి మోగి ఆగిపోయింది. రేపు పొద్దున్నే గుడివాడ బస్సెక్కుతున్నాను. సింథసైజరు నా ఒళ్లోనే ఉంటుంది. బాగుచేస్తాడో, గుమ్మంలోంచే పొమ్మంటాడో... ఏదైనా ఎదురుగా నిలబడి పడతాను.

మా నాన్న పెట్టె గొంతు వినడానికి గోడకేసి తిప్పేవాడు. పెట్టెలో లోపం ఉందని తేలితే, అమ్మినవాణ్ని అదే అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టి, ముందు వాడి మాట వినేవాడు. ఇప్పుడు ఎవరి మొహం ఎవరికీ కనపడదు... మనం గోడకేసి తిరిగే ఉండి, మాట వినకుండానే మనిషికి తీర్పు చెప్పేస్తున్నాం.

మీ ఇళ్లలో వానాకాలం వాయిద్యాలు ఎలా దాచేవారో రాయండి, హారిక చేత చదివించుకుంటాను. కానీ నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు... ముందు వాటిని తీసేసి రండి.