ఉప్పు నీళ్లలో నానిన టర్కీ కోడి

మా మామగారికి తుర్కయంజాల్‌లో ఒక ప్లాటు ఉండేది. ఎవరు కబ్జా చేస్తారోనని అందులో నాలుగు టర్కీ కోళ్లను పెంచేవారు. కొత్త మనిషి గేటు దగ్గరికొస్తే చాలు, వీధంతా వినపడేలా అరిచేవి. దసరాకి అందరిళ్లలో మటన్ ఉడికితే కొత్తపేటలో మా ఇంట్లో మాత్రం వాటిలో ఒకటి ఉడికేది. వండేది నేను. మామగారు ప్రతిసారీ రెండు ముక్కలు తిని, కొబ్బరి పీచు నమిలినట్టుందని పక్కన పెట్టేసేవారు. నిరుడు ఆయన పోయారు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దసరాకి, ఆయన ఫొటో ముందు పెట్టే పళ్లెంలోనైనా ముక్క మెత్తగా ఉండాలని నాకు పట్టుదల వచ్చింది.

అందుకని దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద, కోచింగ్ పుస్తకాల మధ్య దొరికిన పాత ఇంగ్లీషు వంటల పుస్తకం కొన్నాను. అట్ట మీద నిగనిగలాడే టర్కీ. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ దాని మీద నాకు అనుమానమే. ఒక్క పేజీకీ పసుపు మరక లేదు, నూనె చుక్క లేదు. ఎవరూ వండి చూడని పుస్తకాన్ని ఎలా నమ్మడం? పైగా కోడిని ముందురోజే ఉప్పు నీళ్లలో నానబెట్టాలట, ఆ నీళ్లు పారబోయాలట, వండేటప్పుడు మళ్లీ ఉప్పు వేయకూడదట. ఎల్బీ నగర్‌లో మా పుట్టింట్లో, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ కాకరకాయలకి ఉప్పు రాసి పిండేది. చేదూ ఉప్పూ రెండూ ఆ నీళ్లతోనే పోయేవి. కోడి మాత్రం ఉప్పును ఎందుకు దాచుకుంటుంది?

అయినా నానబెట్టాను. పండగ పొద్దున మసాలా మాత్రం మనదే నూరి, పుస్తకం చెప్పినట్టు సన్నని సెగ మీద ఉడికించాను. గరిటెతో నొక్కితే ముక్క విడిపోయింది. సంతోషించాల్సింది పోయి, ఇందులో ఏదో మోసం ఉందనిపించింది. రుచి చూద్దామా అంటే, ఈ ఇంట్లో పెద్దలకు పెట్టేదాకా కూర నాలుకకి తగలకూడదు. ఎంగిలైతే పోయినవాళ్లు ముట్టరని అత్తమ్మ నమ్మకం. వాసన చూశాను, పులుసు రంగు చూశాను. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. ఈసారి చప్పటి కూర పెడితే, పోయాక కూడా దీని చేతి వంట ఇంతే అనుకోరూ? అత్తమ్మ స్నానానికి వెళ్లింది చూసి గుప్పెడు ఉప్పు వేసి కలిపేశాను.

ఫొటో ముందు పళ్లెం పెట్టి, ఆయన వచ్చి తినేందుకు తలుపు దగ్గరికి వేసి, మావారూ అత్తమ్మా నేనూ కాసేపు బయట కూర్చున్నాం. తర్వాత లోపలికొచ్చి అత్తమ్మ మొదటి ముద్ద తింది. ఆమె నమలడం ఆపిన తీరులోనే నాకు తెలిసిపోయింది. నేనూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వెన్నలా మెత్తగా ఉంది. ఉప్పు కషాయం. పుస్తకం నిజమే చెప్పింది, నేనే నమ్మలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. మళ్లీ ఉప్పు వేసింది నేనేనని అత్తమ్మతో చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, పెద్ద చెంబు నిండా నీళ్లు తెచ్చి ఫొటో ముందు పళ్లెం పక్కన పెట్టింది.

"ముక్కయితే మెత్తగైంది. తింటడు తియ్యి. జర నీళ్లెక్కువ తాగుతడు," అంది.