హిరణ్యకశిపుడి మీద నా వ్యాసం

మా కాలేజీలో పిల్లలు గోడపత్రిక అంటించడానికి మైదా ఉడికిస్తున్నారు. ఆ జిగురు వాసన స్టాఫ్‌రూమ్ దాకా కమ్ముకొచ్చేసరికి నాకు పాఠం చెప్పే బుద్ధి పోయింది. కడపలో తెలుగు చెబుతూ ఇన్నేళ్ళు గడిపాను గానీ, ఈ వాసన తగిలితే చాలు, నా మీద నాకే రోత పుడుతుంది. రాజంపేటలో నేను డిగ్రీ చదివిన రోజులూ, అక్కడ మాకు తెలుగు చెప్పిన మస్తాన్ సారూ గుర్తుకొస్తారు.

సార్‌కు నాటకాల పిచ్చి. కాలేజీ వార్షికోత్సవానికని ఆయనే రాసి మాకు నేర్పుతున్న నాటకంలో ఒక ఊరిపెద్ద ఉంటాడు. తన పేరు తలవనిదే ఆ ఊళ్ళో ఎవడూ మడక కట్టి దున్నకూడదు. ఆ పాత్రకు పురాణాల్లో ఎవరి పోలిక ఉందో చెప్పమని క్లాసులో అడిగారు. నేను తటాలున లేచి "రావణుడు సార్" అన్నాను.

"రావణునికి చదువుండాది, వీణ ఉండాది. అన్నీ తెలిసి చెడినోడు. ఈయప్పకు ఏముండాది పాపా?"

"అయితే దుర్యోధనుడు సార్."

"ఆయప్పది ఓర్వలేనితనం. ఎదుటోడు బాగుంటే నిద్రపట్టదు. హిరణ్యకశిపుణ్ణి చూడు. కన్నబిడ్డ నోట్లో కూడా తన పేరే రావాల. జనం పలకడం మానేస్తే వానికింక ఏమీ లేదు. పైకి శానా పెద్దోడు, లోపల అడుక్కునేటోడు."

ఆ మాట నన్ను వదల్లేదు. రెండు రోజులు కూర్చుని గోడపత్రికకు వ్యాసం రాశాను. సార్ చెప్పిందంతా అందులో పెట్టాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? చివర నా సొంత తెలివి ఒక వాక్యం తగిలించాను: హిరణ్యకశిపుడి కోసం పురాణాలు తిరగేయనక్కర్లేదు, మా కాలేజీ ప్రార్థన వింటే చాలు. మా ప్రార్థనలో దేవుడి కంటే ముందు కరస్పాండెంటు పేరు చెప్పి జయం పలకాలి మరి. ఏదైనా సార్ చూశాకే గోడకెక్కాలన్నది మా పద్ధతి. ఆయన గోడ మీదే చూసి ఆశ్చర్యపోవాలని, చూపించకుండా అంటించేశాను.

మధ్యాహ్నానికల్లా కరస్పాండెంటు గదికి పిలుపొచ్చింది. సార్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. నాకు ఫీజు లేకుండా సీటిచ్చింది ఆ కరస్పాండెంటే. అది పోతే నా చదువు అంతటితో సరి.

"ఎవరు నేర్పినారు నీకీ మాట?" అన్నాడాయన, నా వ్యాసంలో చివరి వాక్యం మీద వేలు పెట్టి.

ప్రహ్లాదుణ్ణి తండ్రి అడిగిన ప్రశ్నే అది. అప్పుడు "మేం నేర్పలేదు మహాప్రభో" అని వణికింది గురువులు, పిల్లవాడు కాదు. ఇక్కడ వణికింది నేను. "సారే చెప్పినారు" అన్నాను.

మస్తాన్ సార్ నా వైపు ఒక్కసారి చూశారు. "అవున్సార్, నేనే చెప్పినా. పాపను పంపీండి, పరీక్షలుండాయి" అన్నారు.

ఆ వారమే ఆయన ఉద్యోగం ఊడింది. నాటకం ఆగిపోయింది. మాలో ఒక్కరమూ నోరెత్తలేదు. మర్నాడు ప్రార్థనలో అందరికంటే గట్టిగా జయం పలికింది ఎవరనుకున్నారు? నేనే. థూ!

చాలా ఏళ్ళ తర్వాత సార్ కడప బస్టాండులో కనబడ్డారు. జుట్టంతా నెరిసిపోయింది. ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నానన్నారు. నేనూ ఇక్కడే కాలేజీలో తెలుగు చెబుతున్నానన్నాను.

"తెలుగులో నువ్వేం చెప్తాండావు పాపా?"

"నాటకం సార్."

"మంచిది. రావణున్నీ హిరణ్యకశిపున్నీ కలిపేయొద్దు."

క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఇంతలో బస్సొచ్చింది, ఆయన ఎక్కి కూర్చున్నారు. బస్సు మీద నెపమెందుకు, అది ఐదు నిమిషాలు అక్కడే ఆగి ఉంది. నేనే అడగలేదు. పోయిన ఏడాది ఆయన చనిపోయారని ఎవరో చెబితే తెలిసింది.

నాటకాల్లో అహంకారి పాత్రల మీద నేను రాసిన పుస్తకాన్ని ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు. "రావణుడికీ హిరణ్యకశిపుడికీ తేడా ఎంత బాగా పట్టుకున్నారు మేడమ్" అని పొగుడుతారు. నేను తలూపుతాను. సార్ చెప్పిందంతా నా పేరు మీద చెల్లుబాటవుతోంది. నేను రాసిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.